వేడి తెలియని నీళ్ళు

నీళ్ళు పారబొయ్యమంటే మా పైడిరాజుకి ప్రాణం పోయినంత పనవుతుంది. ఆ మాటకొస్తే విశాఖపట్నంలో బోరు నీళ్ళతో బతికేవాళ్ళు ఎవరికైనా అంతే. నోట్లో పోసుకుంటే ఉప్పు, ఒంటిమీద పోసుకుంటే దురద, సబ్బు అరిగిపోయేదాకా రుద్దినా నురగ రాదు. అలాంటి చోట చుక్క ఉప్పు లేని నీళ్ళు డబ్బాలకి డబ్బాలు మిగిలితే ఎవరు పారబోస్తారు చెప్పండి? మావాళ్ళూ పారబొయ్యలేదు. ఇళ్ళకి పట్టుకెళ్ళారు.

నా పేరు గొర్లె హైమావతి. నౌకాదళానికి పనిచేసే ఒక ప్రయోగశాలలో, లోహాలకి వేడి తగిలితే ఏమవుతుందో చూడడం నా ఉద్యోగం. నాకు మాట మెత్తగా రాదు. వెనకాల నన్ను మిరపకాయ మేడమ్ అంటారని తెలుసు, తెలిసినట్టు మాత్రం వాళ్ళకి తెలియనివ్వను. పైడిరాజు మా చెల్లెలు సత్యవతి మొగుడు. మైనాక అనే విమానాల ఓడ మీద మిడతల దళానికి చీఫ్. ఇంధనం పొయ్యడం దగ్గర్నుంచి చక్రాల కింద అడ్డు పెట్టడం దాకా అతని చేతిమీదుగా జరగాల్సిందే.

మిడతలంటే రన్‌వే అక్కర్లేని జెట్ విమానాలు. ఉన్నచోటే నిట్టనిలువుగా లేస్తాయి, నిట్టనిలువుగా దిగుతాయి. కాయితాల మీద వాటికేదో గొప్ప పేరుంది గాని, ఓడ మీద ఆ పేరు పెట్టి అడిగితే ఎవరూ తల తిప్పరు. మిడత గాలిలో నిలబడడం చూడ్డానికి ఎంత సొంపుగా ఉంటుందో, ఇంజనుకి అంత నరకం. బరువంతా కిందికి తన్నే గాలి మీదే మొయ్యాలి కదా, లోపల తిరిగే రెక్కలు కరిగిపోయేటంత కాగుతాయి. అందుకని లోపలికి నీళ్ళు చిమ్ముతారు. టాంకునిండా పోస్తే నిమిషంన్నర వస్తాయి. ఆ నిమిషంన్నరలో ఓడ మీద దిగగలిగితే దిగినట్టు. లేకపోతే పైలెట్ బయటికి దూకాలి, విమానం సముద్రంలోకి పోవాలి. అలా పోయినవి ఉన్నాయి.

ఇప్పుడు పొడుగు డెక్కుల కొత్త ఓడలొచ్చాయి. వాటి మీద పరిగెత్తి లేచే కొత్త విమానాలొచ్చాయి. నిమిషంన్నర నిలబడే మిడతలు ఇంకెందుకు, దించెయ్యండి అన్నారు పైవాళ్ళు. కొందరు మాత్రం, చిన్న చిన్న ఓడల మీదికి ఇంకేవీ పనికిరావు, ఇవి కాస్త ఎక్కువసేపు నిలబడగలిగితే ఉంచుదాం అన్నారు. చివరికి ఒక బోర్డు వేసి ఒకే మాట తేల్చారు. గాలిలో పది నిమిషాలు నిలబడి, క్షేమంగా దిగి చూపిస్తే మిడతలు ఉంటాయి. చూపించలేకపోతే ఆ ఏడాదితో సరి.

ఆ పది నిమిషాల పని నా నెత్తిన పడింది. నేను చేసిందాని పేరు శీతలం. కంటికి ఆనని సన్నటి రేకులు, నీళ్ళలో కలిపితే నీళ్ళలాగే ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు. కాగిన రెక్క తగలగానే ఆ రేకులు దాన్ని అంటిపెట్టుకుని పొరకట్టేస్తాయి. ఇక బయట ఎంత మంట ఉన్నా రెక్కకి తెలియదు. నేల మీద ఇంజన్ని బిగించి నడిపితే పది నిమిషాలు కాదు, పదకొండు వచ్చింది. ఆ రోజు పైడిరాజు నా కాళ్ళకి దండం పెట్టబోయాడు.

"ఛీ, లే" అన్నాను.

"మీకు తెలీదు వదినా. మిడతలు పోతే మేమందరం తలో దిక్కు. కొత్త విమానాల దగ్గరికి పంపుతారట. అక్కడ ఏ బోల్టు బిగించాలో కంప్యూటరే చెప్తాదట. మరి నేనేటి, దాని పాలేరునా?" అన్నాడు. పెళ్ళికి ముందు నుంచీ అతను ఆ విమానాల కిందే బతికాడు. అతని చేతివేళ్ళ గోళ్ళలో ఉన్న నలుపు పెళ్ళినాటి పసుపుతో కూడా పోలేదని సత్య ఇప్పటికీ దెప్పుతుంది.

మామూలు నీళ్ళ రోజుల నుంచీ ఆ దళంలో ఓ అలవాటుంది. టాంకులో మిగిలిన నీళ్ళని డబ్బాల్లోకి పట్టి ఇళ్ళకి తీసుకుపోతారు. ఇన్వర్టర్ బేటరీలకి, ఇస్త్రీ పెట్టెలకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఆ క్వార్టర్స్‌లో బేటరీ నీళ్ళు కొన్నవాడు లేడు. శీతలం వచ్చాక, దాన్ని పోసి నిమిషంన్నర లోపు తర్ఫీదులు నెలల తరబడి నడిచాయి. మిగిలింది నీలం పీపాలోనే పొయ్యాలని, మేమొచ్చి పట్టుకెళతామని గోడకి బోర్డు కొట్టించాను. బోర్డు చూసి అందరూ తల ఊపారు. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

ఆ నెలల్లో సత్యకి ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ నూకాలమ్మ వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆ క్వార్టర్స్‌లో నడిచే పిల్లల్లో సగంమంది ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నవాళ్ళే. ఎవరింట్లో పురుడొచ్చినా కబురొచ్చేది. కాళ్ళు బారజాపి కూర్చుని, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె మర్దనా చేసి, చెంబుతో నీళ్ళు పోస్తూ పాట అందుకుందంటే ఏడ్చే పిల్ల కూడా గుటకలు మింగుతూ ఊరుకునేది. కలెక్టర్ గారు పిలిచినా ఆ టైముకి ఆవిడ కదలదు.

డెక్కు మీద పరీక్ష ఇంకో వారం ఉందనగా, ఆదివారం పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. అప్పుడే పిల్లకి నూనె రాయడం అయింది. పక్కన అండాలో మరిగిన నీళ్ళు, బకెట్లో చన్నీళ్ళు కలిపి తొలిపిన నీళ్ళు. అమ్మ బకెట్లో చెయ్యి ముంచి ఓ క్షణం ఉంచి, "సత్యా, చాల్లేదే. ఇంకో చెంబు అండాలోవి పొయ్యి" అంది.

సత్య పోసింది. నాకు గుమ్మం దగ్గర్నుంచే బకెట్ మీద ఆవిరి కనబడుతోంది. అమ్మ మళ్ళీ మణికట్టు దాకా ముంచింది. తీరిగ్గా కలిపింది. "గోరువెచ్చగా కూడా లేవు. పోనీలే, ఇంకా ఆలస్యమైతే గుంట చలికి వణికిపోతాది" అని చెంబు ముంచింది. ఆవిడ చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా, ఉడికిన రొయ్యలా ఉంది.

ఎలా వెళ్ళానో నాకు తెలియదు. చెంబు మీద ఒక్కటిచ్చాను. నీళ్ళు నా పాదాల మీద పడ్డాయి. కెవ్వుమన్నాను. ఆ కేకకి పిల్ల ఏడుపు అందుకుంది. సత్య బకెట్లో వేలు పెట్టి చటుక్కున లాక్కుని, పిల్లని అమ్మ కాళ్ళ మీద నుంచి ఊడబెరుక్కుంది.

"ఏటే, నీకేటయింది? మతిపోయిందేటి?" అంది అమ్మ, తడి చేతుల్ని చీరకి తుడుచుకుంటూ.

నా పాదాల మీద అప్పుడే బొబ్బలు లేస్తున్నాయి. ఆవిడ వాటికేసి చూసింది. తర్వాత తన చేతికేసి చూసింది. మళ్ళీ బకెట్లో చెయ్యి పెట్టబోతుంటే పట్టుకుని ఆపాను. ఆవిడ అప్పుడు భయపడింది. మా అమ్మ భయపడడం నేను అంతకుముందు చూడలేదు.

"సుగరే అయ్యుంటాది అక్కా. సుగరున్నోళ్ళకి తిమ్మిర్లొస్తాయట" అంది సత్య పిల్లని గుండెకి హత్తుకుంటూ. అమ్మకి సుగరున్న మాట నిజమే. నేనూ అదే అనుకునేదాన్ని, వెనక దడి మీద ఆరేసిన పిల్ల గుడ్డలు కంటపడకపోతే. మల్లెపూవుల్లా ఉన్నాయి. ఆ ఊరి బోరు నీళ్ళలో ఉతికిన గుడ్డ ఏదీ అలా ఉండదు.

"ఏ నీళ్ళతో ఉతుకుతున్నావమ్మా?"

"అల్లుడు తెస్తాడు కదే, విమానం నీళ్ళు. సబ్బు ముట్టించితే చాలు, నురగే నురగ. గుంట ఒళ్ళు బోరు నీళ్ళకి పేలిపోతోందని వాటిలోనే నానబెట్టి ఉతుకుతున్నాను."

రోజూ గంటలసేపు ఆవిడ చేతులు శీతలంలో నానుతున్నాయి. ప్రయోగశాలలో మేం దాన్ని తొడుగుల్లేకుండా ముట్టం.

ఆదివారమైనా ప్రయోగశాలకి పోయాను. శీతలం విషం కాదని మేం ఎప్పుడో తేల్చుకున్నాం. ఎలకల చేత తాగించాం, వాటి పరుపుల్ని దానిలో తడిపాం. అన్నీ బాగా తిన్నాయి, పిల్లల్ని పెట్టాయి. బతికాయా చచ్చాయా అని చూశాం గాని, అమ్మా నీకు వేడి తెలుస్తోందా అని ఎలకని అడిగినవాడు లేడు. ఆ రోజు అడిగాను. మెల్లగా వేడెక్కే ఇనప పలక మీద మామూలు ఎలకని వదిలితే, కాస్త వేడెక్కగానే కాళ్ళెత్తి గెంతింది. వెంటనే తీసేశాను. తడి పరుపు మీద పెరిగిన ఎలకని వదిలాను. అది మీసాలు తుడుచుకుంటూ కూర్చుంది. పలక ఇంకా కాగింది. అది కూర్చునే ఉంది. నేనే చూడలేక తీసేశాను.

చర్మంలో వేడిని పట్టే నరాల కొసలుంటాయి. నా రేకులు అక్కడికి పోయి, రెక్కని అంటుకున్నట్టే వాటినీ అంటుకుని కూర్చుంటున్నాయి. స్పర్శ పోదు, గుచ్చితే తెలుస్తుంది, చల్లదనం కూడా తెలుస్తుంది. వేడి ఒక్కటే తెలియదు. ఒకసారి అంటుకున్నవి వదలడం లేదు. నెలల కింద తడిసిన ఎలకలకి కూడా తిరిగి రాలేదు.

మర్నాడు మా డైరెక్టర్ భువనాచారి గారికి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "మీ అమ్మగారికి సుగరు. ఎలక ఎలక. డెక్కు మీద మనుషులు రోజూ నానబెట్టుకోరు కదమ్మా, తుంపర పడుతుందంతే. ఈ కారణం చెప్పి పరీక్ష ఆపితే మళ్ళీ పెట్టరు. మిడతలు పోయినట్టే. ఆలోచించు" అన్నాడు.

"అయితే ఆ మనుషుల్నే పరీక్షించనివ్వండి. ఒక్కడికి వేడి తెలియకపోయినా శీతలం ఆపేయాలి."

"సరే. అందరికీ తెలిస్తే మాత్రం ఇంకేం మాట్లాడకూడదు" అన్నాడు. ఒప్పుకున్నాను.

ఓడ రేవులోనే ఉంది. విమానాలు నిలిపే కింది అంతస్తులో దళాన్నంతా వరసగా నిలబెట్టించాను. అంతకుముందే పైడిరాజుని పక్కకి లాగి అమ్మ సంగతి చెప్పాను. డబ్బాల సంగతి అడిగితే తల వంచుకున్నాడు.

"నీళ్ళు ఎలా పారబోస్తాం వదినా? పాపం కదా" అన్నాడు.

"పీపాలో పొయ్యమన్నాను, పారబొయ్యమన్నానా? ఇళ్ళల్లో ఉన్న డబ్బాలన్నీ ఇవాళే తెప్పించు. నీ చేతులెలా ఉన్నాయి?"

"బంగారంలాగున్నాయి." రెండు చేతులూ చాపి చూపించాడు. "అత్తది సుగరండి. మీరు పెద్ద చదువులు చదివి చిన్న విషయానికి బెంగెట్టుకుంటున్నారు. అయినా మీ తృప్తికోసం చూడండి. అందర్నీ నేనే తీసుకొస్తాను."

రెండు బకెట్లు పెట్టాను. ఒకదానిలో మామూలు నీళ్ళు. ఒకదానిలో స్నానానికి కూడా కాస్త ఎక్కువనిపించేటంత వేడినీళ్ళు. ప్రతివాడికీ కళ్ళకి గంతలు కట్టించాను. ఒక్కొక్కడూ వచ్చే ముందు బకెట్ల చోటు మార్చాను. పైడిరాజు ఒక్కొక్కణ్ణీ భుజం మీద చెయ్యేసి నడిపించుకొచ్చి, ఒక బకెట్లో చెయ్యి ముంచిస్తాడు. వాడు వేడివో, చల్లవో చెప్పాలి.

మొదటివాడు "వేడండి" అన్నాడు. అది వేడిదే. రెండోవాడు "చల్లగున్నాయండి" అన్నాడు. చల్లవే. ఇలా ఒక్కొక్కడూ. చివర్న పైడిరాజు తనే గంతలు కట్టుకున్నాడు. అతని కింద పనిచేసే సింహాద్రి భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. పైడిరాజు వేడినీళ్ళలో చెయ్యి పెట్టి చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుని, "అబ్బ, ఇలాగ మరిగించీసేరేటి వదినా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుండెల మీద నుంచి ఏదో దిగిపోయింది. అయితే అమ్మకి నానబెట్టడం వల్లే వచ్చింది, తుంపర వల్ల రాదు, తొడుగులు తప్పనిసరి చేస్తే సరిపోతుంది అనుకున్నాను. అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాను.

శనివారం మైనాక రేవు దాటింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మా వెనకాల సన్నటి గీతైపోయింది. బోర్డు వాళ్ళు డెక్కు పక్కనున్న గాజు గదిలో కూర్చున్నారు. పెద్దాయన ఒక అడ్మిరల్, ఎక్కువ మాట్లాడడు. భువనాచారి గారు, నేను ఆయన వెనక నిలబడ్డాం. కింద పైడిరాజు దళం పసుపు చొక్కాలతో, చెవులకి డొప్పలతో చెల్లాచెదురుగా ఉన్నారు. పైలెట్ కురియన్. అప్పటికే రెండుసార్లు విమానం వదిలి సముద్రంలోకి దూకిన మనిషి. మూడోసారి దూకితే వెన్నెముక ఉండదని డాక్టర్లు చెప్పారని నాతోనే అన్నాడు, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు.

మిడత సముద్రం మీద నుంచి వచ్చింది. ఓడ పక్కన వేగం తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, ఆగిపోయింది. గాలిలో ఆగిపోయింది. గాజు అద్దాలు వణుకుతున్నాయి. పక్కకి జరిగి డెక్కు పైన నిలబడింది. గొట్టాల్లోంచి తెల్లటి తుంపర కిందికి దిగి కుర్రాళ్ళందర్నీ తడిపేసింది. నిమిషం అయింది. నిమిషంన్నర దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళూ ప్రతి పైలెట్టూ భయపడిన గీత అది. దాటింది.

రెండు. మూడు. ఇంజన్ వేడి చూపే ముల్లు నా ఎదుట తెర మీద ఉంది. అది పైకి పాకుతోంది. ఎర్ర గీతకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆగిపోయింది. రేకులు పట్టుకున్నాయి. అయిదు దాటాక గాలి మారింది. మిడత ఓ పక్కకి ఒరిగింది. కింద కుర్రాళ్ళు చెదిరిపోయారు. పైడిరాజు ఒక్కడే కదల్లేదు. దాని కిందే, చేతులు రెండూ పైకెత్తి, ఇటు రా, ఇటు రా అన్నట్టు సైగ చేస్తూ నిలబడ్డాడు. అది పడితే అతని మీదే పడాలి. కురియన్ నిలదొక్కుకున్నాడు.

పదో నిమిషం దాటాక మిడత మెల్లగా దిగింది. చక్రాలు తాకాయి. ఇంజన్ ఆగింది. గదిలో చప్పట్లు. భువనాచారి గారు నా భుజాలు పట్టుకుని ఊపేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు. నాకూ వచ్చాయి, ఎందుకు దాచాలి. చిన్నప్పటి నుంచి నేను చేసిన ఏ పనికీ నాకు అంత సంతోషం కలగలేదు.

అందరం డెక్కు మీదికి దిగాం. అడ్మిరల్ ముందు నడుస్తున్నాడు. పైడిరాజు తోలు తొడుగులు తీసేసి చంకలో పెట్టుకుని శాల్యూట్ చేశాడు. ఆయన "శభాష్ చీఫ్" అని ముందుకి పోయాడు. పైడిరాజు విమానం వైపు తిరిగాడు. అతనికి ఒక పద్ధతి ఉంది. దిగిన విమానం వెనక గొట్టం దగ్గర అరచెయ్యి దూరంగా పెట్టి సెగ చూస్తాడు. సెగ తగ్గాక గాని ముట్టుకోడు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఆ రోజు కూడా అలాగే అరచెయ్యి పెట్టాడు. సెగ తగల్లేదు కాబోలు. సంతోషంలో మనిషికి మిగతావన్నీ గుర్తుంటాయి, జాగ్రత్త ఒక్కటే గుర్తుండదు. రైతు ఎద్దు మూపురం మీద చెయ్యేసినట్టు ఆ గొట్టం మీద చెయ్యేసి, నాకేసి చూసి నవ్వాడు.

ముందు వాసన వచ్చింది.

"పైడిరాజూ, చెయ్యి తియ్యి" అని అరుస్తూ పరిగెత్తాను. అతనికి అర్థం కాలేదు. నవ్వుతూనే ఉన్నాడు. నేను మోచెయ్యి పట్టి లాగితే చెయ్యి వచ్చింది, తోలు అక్కడే ఉండిపోయింది. అరచేతికేసి చూసుకున్నాడు. నొప్పితో కాదు. దొంగతనం బయటపడ్డవాడిలా చూశాడు. వెంటనే ఆ చేతిని వీపు వెనక దాచబోయాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

వెనక సింహాద్రి ఏడుస్తున్నాడు. "మేడమ్, చీఫ్ ఒక్కడే కాదండి. మాలో ఎవరికీ తెలీడం లేదండి. నెల పైనే అయిపోయింది" అన్నాడు.

"మరి బకెట్లు?"

"కుడి భుజం తడితే వేడి, ఎడమ భుజం తడితే చల్ల. డెక్కు మీద మోతలో మాటలు వినబడవు కదండీ, మేం మాట్లాడుకునేదే భుజాలు తట్టి. మిడతలుండాలంటే చెప్పీకండిరా అన్నాడు చీఫ్. మేమూ ఉండాలనే అనుకున్నామండి."

భుజం మీద చెయ్యేసి నడిపించుకొస్తుంటే పాపం ఎంత జాగ్రత్తో అనుకున్నాను నేను. పసుపు చొక్కాల కుర్రాళ్ళందరూ తడి మొహాలతో నాకేసి చూస్తున్నారు. ఒక్కడికీ పాతికేళ్ళు దాటి ఉండవు. రేపు వీళ్ళలో ఎవడు పొయ్యి మీది గిన్నె ఎత్తినా, ఎవడు పిల్లకి పాలు పట్టినా, కాలిందో లేదో పక్కవాణ్ణి అడగాలి.

పైడిరాజు మంచి చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "పాసయింది కదా వదినా? పది నిమిషాలూ నిలబడింది కదా? చెయ్యి సంగతి ఎవరికీ అక్కర్లేదు. తొడుగేసుకుంటాను. చెప్పండి, పాసయింది కదా?"

"పాసయింది" అన్నాను.

అడ్మిరల్ వెనక్కి వచ్చి నిలబడి ఉన్నాడు. భువనాచారి గారు నాకేసి చూసి, ఏదో అనబోయి, తల వంచుకున్నారు. ఆయన అడ్డు చెప్పలేదు, అందుకు నేనెప్పుడూ కృతజ్ఞురాలినే. నేను అడ్మిరల్‌తో పైడిరాజు వినేటట్టే చెప్పాను. ఈ నీళ్ళు ఇంకెప్పుడూ ఏ విమానంలోనూ పొయ్యకూడదని, వీటిని తయారుచేసింది నేనే కాబట్టి నా మాట మీద ఆపెయ్యమని, ఈ కుర్రాళ్ళందర్నీ ఇప్పుడే ఆస్పత్రికి పంపమని చెప్పాను.

"ఇది లేకపోతే మిడతలు లేవు. అది మీకు తెలుసు కదా?" అన్నాడాయన.

"తెలుసండి."

చెయ్యి కాలినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. డెక్కు మీద చతికిలబడి, చక్రానికి తల ఆనించి, పసివాడిలా ఏడ్చాడు. దగ్గరికి వెళితే, "మీరు నాతో మాట్లాడకండి" అన్నాడు.

తర్వాత అన్నీ త్వరగానే అయిపోయాయి. మిడతలు ఒక్కొక్కటే మామూలు నీళ్ళు పోసుకుని, నిమిషంన్నరలో దిగి, ఒడ్డుకి చేరిపోయాయి. ఒకదాన్ని ఊళ్ళోనే అరుగు కట్టి నిలబెట్టారు. పిల్లలు దాని చక్రాలెక్కి ఫోటోలు దిగుతారు. పైడిరాజు ఆ రోడ్డున వెళ్ళడు. అతనికి స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. చర్మం మళ్ళీ అతికించారు, వేళ్ళు సగం ముడుచుకుంటాయి. అమ్మకి ఇప్పటికీ పురుళ్ళ ఇళ్ళ నుంచి కబుర్లొస్తాయి. ఒంట్లో బాగులేదని చెప్పి పంపేస్తుంది. మనవరాలికి సత్య నీళ్ళు పోస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, పాట మాత్రం తను పాడుతుంది. నేను మందు వెతుకుతున్నాను. అంటుకున్న రేకుని వదిలించే మందు. దొరకలేదు. దొరుకుతుందని ఎవరికీ మాటివ్వలేదు.

వాళ్ళింటికి నేను వెళుతూనే ఉన్నాను. పైడిరాజు నన్ను చూడగానే లేచి పెరట్లోకి పోతాడు. కూరలో ఉప్పు తక్కువైనా నాతో అనడు, గోడతో అంటాడు. సత్య సర్దిచెప్పబోతే వద్దన్నాను. అతని కోపం న్యాయమైనదే. నేను చేసిందీ న్యాయమే. రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి, అంతే.

మొన్న పొద్దున్న వెళ్ళేసరికి సత్య డ్యూటీకి పోయి ఉంది. పిల్లకి ఏడాది నిండవస్తోంది. అమ్మ ఒళ్ళో పడుకుని ఉంది, కళ్ళు సగం మూసుకుని. రోజూ నన్ను చూసి చేతులు చాపే పిల్ల, చూసి ఊరుకుంది. పైడిరాజు పక్కన నిలబడి థర్మామీటరు చేతిలో తిప్పుతున్నాడు. నన్ను చూశాడు. పెరట్లోకి పోలేదు.

"వదినా" అన్నాడు.

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో.

"ఇది నూట మూడు అంటోంది. అత్త చెయ్యి పెట్టింది, ఆవిడకి తెలీదు. నేను పెట్టాను, నాకు తెలీదు. బుగ్గకి బుగ్గ ఆనించి చూశాను. ఆ తుంపర మొహం మీదే కదా పడేది, బుగ్గకీ తెలీడం లేదు." పిల్ల నుదుటి మీది జుట్టు పక్కకి తీశాడు. "మీరు చెయ్యి పెట్టి చూసి చెప్పండి. కాలుతోందా?"

పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాను.

"కాలుతోంది" అన్నాను.

"ఎంత?"

వేడి తెలియని మనిషికి ఏ మాటతో చెప్పను? "ఆస్పత్రికి పోదాం పద" అన్నాను. పిల్లని భుజానేసుకుని చెప్పులు కూడా లేకుండా రోడ్డెక్కాడు. ఆటోలో కూర్చున్నాక, ముడుచుకున్న ఆ వేళ్ళతోనే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పిల్ల నుదుటి మీద పెట్టాడు. "ఇప్పుడో?" అన్నాడు. ఇంకా కాలుతోందన్నాను. వీధి మలుపు తిరిగాక మళ్ళీ నా చెయ్యి తీసి పెట్టాడు. "ఇప్పుడో వదినా?" అన్నాడు. ఆస్పత్రి గేటు దాకా అలా అడుగుతూనే ఉన్నాడు.